గోటి వెలుతురు

ముందు ఖాళీయో కాదో చూడాలి.
తెచ్చినవాళ్ళు దేవుడి పటం మీద చెయ్యేసి చెప్పినా సరే
బోల్టు వెనక్కి లాగి, చిటికెనవేలు లోపల పెట్టి
ఏమీ లేదని వేలికి తెలిశాకే
తక్కిన మాటలు.

శివాజీనగర్‌లో మా అంగడికి
హేమావతి దాన్ని జంపఖానాలో చుట్టి తెచ్చింది,
హలసూరు నుంచి, ఆటోలో, ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని.
"మా తాత పిళ్ళప్పది. బర్మాలో పదకొండుమందిని కొట్టాడు.
ఇవిగో, చెక్క మీద గీతలు.
ఎప్పటిది, ఎక్కడిది, ఇంకా పేలుతుందా, రాసివ్వండి.
లైసెన్సు నా పేరు మీదికి మార్చుకోవాలి."

పేరు అడగాల్సింది తుపాకినే.
మణికట్టు దగ్గర, కుడివైపు, ఉక్కు పట్టీ మీద
అరిగి కోడిజుట్టులా మిగిలిన కిరీటం,
కింద రాజుగారి పొడి అక్షరాలు,
ఈశాపూర్, వెయ్యిన్ని తొమ్మిది వందల నలభై రెండు.
త్రీ నాట్ త్రీ. సాపర్ల ఆయుధశాలలో ఇరవై రెండేళ్ళు
వీటి పళ్ళు తోమినవాణ్ణి నేను.

స్క్రూ గాట్లలో ఎర్రగా ఉంటే తుప్పనుకున్నాను.
కుంకుమ. ఏటా ఆయుధ పూజకి పెడతారట.

బోల్టు మీద ఒక నంబరు, ఒంటి మీద ఇంకో నంబరు.
"అంటే దొంగదా?"
కాదమ్మా, రెండో పెళ్ళి.
యుద్ధమయ్యాక గిడ్డంగిలో కుప్పపోసి
దేనికి ఏది సరిపోతే అది బిగించేవాళ్ళు.
కాపురం బానే చేస్తాయి, చాలా వరకు.

ఇక గొట్టం.
బొటనవేలి గోరు గుండు కూర్చునే అర దగ్గర ఆనించి
కిటికీ వెలుతురు దానిమీద పడేట్టు తిప్పి
మూతిలోంచి ఒంటికన్నుతో చూడాలి.
ఉస్తాద్ కరీముల్లా నేర్పిన టార్చి ఇది, బ్యాటరీ అక్కర్లేదు.
ఐదు గాళ్ళు, ఎడమకి మెలితిరుగుతూ
తళతళ.
యుద్ధం చూసిన గొట్టం ఇలా ఉండదు,
అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు పడుతుంది.
నేనేమీ అనలేదు.

నూనెగుడ్డ తోశాను. ఒకచోట పోగు చిక్కింది.
మళ్ళీ తోశాను. అక్కడే.
పై చెక్క విప్పితే
అర గోడకి పెన్సిలు దూరేంత కన్నం.
ట్యూబ్‌లైటు అందులోంచి దిగి
నా గోటిమీద పావలా బిళ్ళలా పడింది.
వెనక చెక్క మీది గోధుమ వార్నిష్‌ని అదే గోటితో గీకాను.
తెల్లగా లేచింది, చుట్టూతా పట్టీ.
పక్కన గుద్దిన రెండక్షరాలు: డి, పి.

డ్రిల్లుకి. డ్రిల్లుకి మాత్రమే.
సూది మొన కూడా కోసేశారు.

ఆమె అడగలేదు. నేనే చూపించాను:
ఇక్కడ చెక్క రోలులా లోపలికి అరిగింది చూడండి.
ఒక్క మనిషి చెయ్యి చేసిన పని కాదిది.
సెల్యూట్‌కి అరచెయ్యి చరిచే చోటు.
ఎడమేదో కుడేదో తెలియని కుర్రాళ్ళు, వందలమంది.
వాళ్ళ ఎదురుగా ఎండలో నిలబడి
గొంతు పోయేదాకా అరిచినవాడొకడు ఉంటాడు.

"మరి పదకొండు గీతలు?"
పదకొండు బ్యాచులేమో. కాకపోవచ్చు.
చెక్క అంతవరకే చెబుతుంది.

కాగితం రాశాను: రకం, సంవత్సరం, కలవని నంబర్లు,
కాల్చుటకు పనికిరాదు.
తాత కోసం అందులో గడి లేదు.

ఆమె జంపఖానా మడతలు సర్దుతూ చాలాసేపు ఉండి
"ఆ తెల్లపట్టీ మీద మళ్ళీ వార్నిష్ వెయ్యగలరా,
దసరాకి మా అన్న పిల్లలొస్తారు" అంది.

రూలు ప్రకారం తెలుపు కనబడాలమ్మా, అన్నాను,
డబ్బా మూత లేపడానికి
స్క్రూడ్రైవర్ వెతుక్కుంటూ.